బిడ్డలకొక కూరమడి : బ్రోకలీని పెంచుట, ఏరుట, వండుట

(ఒక వ్యవసాయ ప్రదర్శకుడు)

కూరగాయలు పండించు రైతు ఇంట కూర తినని బిడ్డలుండుట మన గ్రామములలో వింత కాదు. వంకాయ, టొమాటో, కాలిఫ్లవరు తెల్లవారకమున్నే గంపలకెక్కి పట్టణమునకు సాగిపోవును. ఆ తోట యజమాని కుమారుని పళ్లెములో మాత్రము అన్నము, ఆవకాయ, చారు, మహా అయిన నాలుగు వేపుడు బంగాళాదుంప ముక్కలు కనబడును. సాయంకాలము బడినుండి వచ్చినంతనే వాడు దుకాణమునకు పరుగెత్తి, తళతళలాడు పొట్లములోని ఉప్పుకారపు చిరుతిండి కొని తెచ్చుకొనును. తల్లినడిగినచో, "ఏమి చేయుదుమండీ, కూర పెట్టిన ఉమియుచున్నాడు" అనును. ఈ మాట నేను పనిమీద తిరిగిన గ్రామములన్నింటను వినబడుచునే యున్నది.

ఇట్టి బిడ్డను కొట్టి తినిపింపజూచిన ఫలము లేదు. బుజ్జగించి లంచమిచ్చినను ఫలము లేదు. వాని చేతికి నాలుగు విత్తనములిచ్చి, "ఈ మడి నీది" అని చెప్పుటయే సరియైన మార్గమని నా దృఢాభిప్రాయము. ఈ పనికి బ్రోకలీ అను మొక్క మిక్కిలి అనుకూలమనియు, మన సహకార సంఘము పూనుకొన్నచో అతి స్వల్ప వ్యయముతో సభ్యుల బిడ్డలందరికిని ఇది సమకూరుననియు మనవి చేయుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

సంగతి ఎంత ముఖ్యమైనది

పిల్లల తిండి సంగతి ఆడవారు చూచుకొందురని కొందరు సోదరులు ఈ పుట తిప్పివేయవచ్చును. వారు ఒక్క లెక్క చిత్తగింపవలెను. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, ఆరు నెలలు మొదలు అయిదేండ్ల లోపు వయస్సుగల బిడ్డలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశమున నూటికి 63 మంది, తెలంగాణమున నూటికి 70 మంది. అన్నపూర్ణ యని పేరు వడసిన భూమిలో ముగ్గురు పసివాండ్రలో ఇద్దరికి నెత్తురు చాలకున్నది. ధాన్యము కొరవడి వచ్చిన లోపము కాదిది. పళ్లెములో అన్నము నిండుగా నుండి, దాని ప్రక్కన ఉండవలసినవి లేకపోవుటయే ఇందుకొక ముఖ్య కారణము.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో, దినమునకు 2000 కిలో కాలరీల ఆహారము తినువారికి కూరలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండవలెనని చెప్పినది. బిడ్డలకు వయస్సును బట్టి ఇది తగ్గును. తగ్గినను, నాలుగు బంగాళాదుంప ముక్కలతో తీరునది కాదు.

బ్రోకలీయే ఏల?

బ్రోకలీ మన కాలిఫ్లవరునకు తోబుట్టువు. క్యాబేజి, కాలిఫ్లవరు, నూల్‌కోలు, బ్రోకలీ ఈ నాలుగును ఒక్క జాతి మొక్కనుండియే మానవుడు వేరు వేరుగా తీర్చిదిద్దినవి. క్యాబేజిలో ఆకును, నూల్‌కోలులో ఉబ్బిన కాండమును, బ్రోకలీలో విచ్చని పూమొగ్గల గుత్తిని తినుచున్నాము. ఇది ఇటలీ దేశమున పెంపొందిన కూర. ఆ భాషలో దాని పేరునకు చిన్న మొలక యని అర్థము.

"పరదేశపు కూర మనకేల? తోటకూర లేదా? మునగాకు లేదా?" అని పెద్దలడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. పరదేశపుదన్న కారణముచే త్రోసివేయుట మాత్రము తగదు. మిరపకాయ పోర్చుగీసువారి ఓడలపై వచ్చినది. కాలిఫ్లవరు 1822లో ఇంగ్లండునుండి సహారన్‌పూరు తోటకు వచ్చినది. నేడు ఈ రెండును లేని సంత లేదు. ఇక గుణము మాట. సున్నపు ధాతువున గాని ఇనుమున గాని మన తోటకూర బ్రోకలీ కంటె అనేక రెట్లు మిన్న. ఈ నిజమును దాచి బ్రోకలీని అమృతమని పొగడుట నా ఉద్దేశము కాదు. బ్రోకలీలో విశేషముగా నున్నది విటమిన్ సి. పచ్చి పువ్వు నూరు గ్రాములలో సుమారు 90 మిల్లీగ్రాములు గలదు. ఈ విటమిన్, ఆకుకూరలలోను పప్పులలోను ఉన్న ఇనుమును దేహము గ్రహించుటకు తోడ్పడును. కనుక బ్రోకలీ తోటకూరకు సవతి కాదు, చెలికత్తె.

అయినను నేను దీనిని కోరుట పోషణ కంటె విద్య నిమిత్తము. ఈ మొక్కయందు బిడ్డకు కూర నేర్పుటకు తగిన గుణములు మూడు గలవు.

మొదటిది, దీని ఎదుగుదల కంటికి కనబడును. పెద్ద నీలిపచ్చ ఆకుల నడుమ ఒకనాడు గోలీ అంత మొగ్గ పొడసూపి, దినదినము పెరిగి గుప్పెడగును. బిడ్డ దీనికై ఎదురుచూచును.

రెండవది, దీని కాలము మన పండుగల వరుసకు సరిపోవును. దసరానాటికి విత్తనము చల్లి, దీపావళి దాటిన వారమునకు నారు నాటినచో, క్రిస్మసు నాటికి మొగ్గ కనబడి, సంక్రాంతి దరిదాపుల పువ్వు కోతకు వచ్చును. బిడ్డలకు నెలల లెక్క తెలియకపోయినను పండుగల లెక్క తెలియును.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. క్యాబేజిని కోసినచో ఆ మొక్క పని తీరినట్లే. బ్రోకలీ అట్లు కాదు. నడిమి పువ్వు కోసిన పిమ్మట ఆకుల మొదళ్లనుండి చిన్న చిన్న పిలక పువ్వులు పుట్టి, ఎండలు ముదురువరకు కొన్ని వారములు వచ్చుచునే యుండును. ఈ గుణము బిడ్డల నాలుకకు ఎట్లు సరిపోవునో ఇక చెప్పెదను.

బిడ్డల నాలుక

రెండేండ్లు మొదలు ఆరేండ్ల వరకు బిడ్డలు ఎరుగని తిండిని అనుమానించుట స్వభావము. ప్రాకుట మాని నడక నేర్చిన బిడ్డ కనబడిన ఆకునెల్ల నోట పెట్టుకొనకుండ ఈ గుణము వానిని కాపాడుచున్నదని విజ్ఞులు తలంతురు. ఇదియుగాక, చేదును గుర్తించు శక్తి అందరికిని ఒక్కరీతిగా నుండదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక పదార్థము కొందరికి మిక్కిలి చేదుగాను, కొందరికి రుచి లేనిదిగాను తోచుట కనుగొనెను. ఈ భేదమునకు కారణమైన జన్యువు 2003లో గుర్తింపబడినది. క్యాబేజి, బ్రోకలీ జాతిలోని గంధక సంబంధమైన పదార్థములు అట్టి బిడ్డలకు మనకంటె ఎక్కువ చేదుగా నుండును. కనుక ఉమిసిన బిడ్డనెల్ల పెంకెవాడని దండించుట అన్యాయము.

అయితే చేదు అలవాటు కానిది కాదు. కాకరకాయను ఇష్టముగా తినువారు మనలో ఎందరో కలరు గదా! వారిలో పుట్టుకతోనే ఇష్టపడినవారెందరు? ఒక కొత్త కూరను బిడ్డ అంగీకరించుటకు ఎనిమిది మొదలు పదిహేను పర్యాయముల వరకు కొంచెము కొంచెముగా రుచి చూపవలసియుండునని ఈ విషయమును శోధించినవారు చెప్పుచున్నారు. మన ఇండ్లలో రెండు మూడు పర్యాయములు పెట్టి, "వీనికి పడదు" అని మానివేయుచున్నాము. మూడు తడులు పెట్టి పైరు ఈనలేదని దున్నివేయు రైతును మనమేమందుము?

బ్రోకలీ పిలకలు ఇచ్చట ఉపకరించును. వారమునకు రెండు మూడు పర్యాయములు, పర్యాయమునకు గుప్పెడేసి వచ్చు పువ్వు, రుచి చూచుటకు సరిగా సరిపోవు కొలత. సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు ఆ పదిహేను పర్యాయములును ఆ మొక్కయే సమకూర్చి పెట్టును.

పెంపకము

మడి చిన్నదిగా నుండవలెను. పెద్దదైన బిడ్డకు భారమగును. పిమ్మట తండ్రి చేయును. అంతటితో ప్రయోజనము పోవును. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు గల మడి చాలును. అడుగున్నర ఎడముగా నాటినచో అందు 24 మొక్కలు పట్టును. బావి చెంతనో, ఇంటి పెరటనో, దినములో ఆరు గంటలైన ఎండ తగులు చోటు చూడుడు. స్థలము లేనివారు వెడల్పైన కుండలలోనో, పాత డబ్బాలలోనో అడుగున రంధ్రములు చేసి, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క మొక్క పెంచవచ్చును.

నారును ఎత్తైన చిన్న మడిలోనో ట్రేలలోనో పెంచి, విత్తును అరంగుళము లోతున వేసి, పలుచని నీడ కల్పింపవలెను. నాలుగు మొదలు ఏడు దినములలో మొలక వచ్చును. నాలుగైదు ఆకులు తొడిగినప్పుడు, అనగా సుమారు నాలుగు వారములకు, సాయంకాలము వేళ నాటవలెను. మడికి బాగుగా చివికిన పశువుల ఎరువు రెండు మూడు గంపలు వేసి కలుపుడు. నాటిన మూడు వారములకు మొదళ్లకు మన్ను ఎగద్రోయుడు. తేమ ఆరనీయరాదు, నీరు నిలువనీయరాదు.

ఇది చలి కోరు మొక్క. పదిహేను మొదలు ఇరువది డిగ్రీల చల్లదనము దీనికి హితము. అరకు, పాడేరు కొండలలోను, మదనపల్లె మెట్టలోను, తెలంగాణపు ఎగువ భూములలోను పువ్వు బిగువుగా వచ్చును. కోస్తా పల్లపు గ్రామములలో పువ్వు కొంత చిన్నదగును, త్వరగా విచ్చును. ఆలస్యముగా నాటిన అసలే చెడును. భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారి కట్రాయిన్ కేంద్రమునుండి వచ్చిన పూసా బ్రోకలీ కే.టి.ఎస్.-1, పాలంపూరు విశ్వవిద్యాలయపు పాలం సమృద్ధి మన దేశమున పేరుపొందిన రకములు. ఇవి కొండ ప్రాంతములందు రూపొందినవి. మైదానములవారు కొంత వేడిని ఓర్చు సంకర రకములను విచారించి కొనుట మేలు.

ఒక హెచ్చరిక. పెద్దవారి ఓర్పు వేరు, పిల్లవాని ఓర్పు వేరు. తొంబది దినములు ఒక్క పువ్వుకొరకు వేచియుండుమన్నచో, ఎనిమిదేండ్లవాడు పదవనాటికే మడిని మరచును. కనుక మడి అంచున మెంతికూర, తోటకూర, ముల్లంగి ఒక్కొక్క వరుస వేయింపుడు. ఆకుకూరలు నెల లోపల చేతికి వచ్చును. ముల్లంగి నలువది దినములకు ఊడును. ఇంకొక మూల అమ్మ పోపుపెట్టెలోని ఆవాలు చిటికెడు చల్లింపుడు. మూడు నాలుగు దినములలో మొలచి బిడ్డను సంతోషపెట్టును. ఆవ, ముల్లంగి, బ్రోకలీ ఒక్క కుటుంబపు మొక్కలు. ఒక బ్రోకలీ మొక్కను కోయక పూయనిచ్చినచో, దాని పువ్వుకును ఆవపువ్వుకును నాలుగేసి పసుపు రేకులుండుట బిడ్డ తన కన్నులతోనే చూచును. పుస్తకములోని వృక్షశాస్త్ర పాఠము ఇంతకంటె ఏమి చెప్పును?

అయిదేండ్ల బిడ్డ విత్తును, నీరు పోయును. ఎనిమిదేండ్ల బిడ్డ కలుపు తీయును, పురుగు నేరును. పదేండ్లు దాటిన బిడ్డ ఒక పుస్తకమునందు విత్తిన దినము, ఆకుల సంఖ్య, వాన, మొగ్గ పొడసూపిన దినము వ్రాసికొనవలెను. లెక్కలు వ్రాయు అలవాటు లేకపోవుటచే మన తరము పోగొట్టుకొన్నది చాలును.

మందుల సంగతి

బిడ్డ మడిపై విషపు మందు చల్లరాదు. ఇందుకు మినహాయింపు లేదు. బ్రోకలీకి ముఖ్య శత్రువులు డైమండ్ రెక్కల పురుగు, పేనుబంక. ఇరువదినాలుగు మొక్కలలో పురుగును చేతితో ఏరివేయుట పావుగంట పని. మడి చుట్టు వేసిన ఆవ ఎరపంటగా పనిచేసి ఆ రెక్కల పురుగును తనవైపు లాగికొనును. మిగిలినదానికి వేపగింజల కషాయము చాలును. పిలక పువ్వులు వచ్చుచుండగా దానిని గూడ చల్లవలసిన పని లేదు.

ఈ సందర్భమున ఒక చేదుమాట చెప్పక తప్పదు. మనలో కొందరు అమ్మకపు తోటకు ఒక రీతిగాను, ఇంటి వాడుకకు వదలిన నాలుగు సాళ్లకు ఒక రీతిగాను మందు కొట్టుచున్నారు. అమ్మకపు పువ్వును ఇంట వండనీయరు. బిడ్డలిది చూచుచునే యున్నారు. "నాయనా, ఆ పువ్వు మనమేల తినము?" అని అడిగిన బిడ్డకు మనమేమి చెప్పగలము? పట్టణమున దానిని కొనువారికిని బిడ్డలు గలరు. మందు కొట్టిన పిమ్మట కోతకు ఎన్ని దినములు ఆగవలెనో సీసాపై ముద్రింపబడియే యుండును. ఆ గడువును పాటించిన రైతు బిడ్డ ప్రశ్నకు జంకవలసిన పని లేదు. పెరటిలోని చిన్న మడి మన పెద్ద తోటకు సాక్షిగా నిలుచుట నా దృష్టిలో దాని లాభములలో నొకటి.

ఎంపిక

పెంచినంత మాత్రమున బిడ్డ తినునని నమ్మరాదు. ఏరుకొను స్వాతంత్ర్యమును గూడ ఈయవలెను.

అమెరికా దేశమున క్లారా డేవిస్ అను వైద్యురాలు 1926 మొదలుకొని కొన్ని సంవత్సరములు ఒక ప్రయోగము జరిపి, 1939లో దాని ఫలితములను ప్రకటించెను. పాలు మాన్పిన పదునైదుగురు పసిబిడ్డలకు 34 విధములైన పదార్థములనుండి తమకు కావలసినది తామే తినునట్లు విడిచిపెట్టిరి. ఏది తినుమనియు చెప్పలేదు, ఏది వలదనియు చెప్పలేదు. బిడ్డలు ఒకనాడు ఒకటి, మరియొకనాడు మరియొకటి విపరీతముగా తినినను, మొత్తముమీద ఆరోగ్యముగా పెరిగిరి. ఇందలి రహస్యమును ఆ వైద్యురాలే తెలిపినది. ఆ ముప్పదినాలుగును కల్తీలేని సహజ పదార్థములే. చక్కెర మిఠాయిలు అందు లేవు. ఏమి పెట్టవలెనో పెద్దలు నిర్ణయించిరి. అందు ఏది ఎంత తినవలెనో బిడ్డలు నిర్ణయించిరి.

మన ఇంట దీనిని ఇట్లు ఆచరింపవచ్చును. "కూర తినెదవా, మానెదవా?" అని అడుగకుడు. "నేటి పువ్వును పప్పులో వేయుదమా, వేపుడు చేయుదమా?" అని అడుగుడు. ఏ పువ్వు కోయవలెనో బిడ్డనే చూపుమనుడు. మొగ్గలు బిగువుగా, ముదురు పచ్చగా, ఆవగింజల వలె చిన్నవిగా నుండవలెను. మొగ్గలు ఉబ్బి పసుపు తొంగిచూచినచో కాలము మించినది. నాలుగైదంగుళముల కాడతో ఏటవాలుగా కోసినచో, మిగిలిన మోడుపై నీరు నిలిచి కుళ్లదు, పిలకలు వచ్చును. ఉదయపు చల్లని వేళ కోసిన పువ్వు కమ్మగా నుండును. కత్తి పెద్దల చేతనే యుండవలెను.

మడికి నీటి వసతి లేని కుటుంబములు ఈ పరీక్షనే సంతలో చేయింపవచ్చును. 1999లో ఆరంభమైన రైతుబజారులు అనేక పట్టణములందు గలవు. వారమునకొకసారి బిడ్డను వెంటగొని పోయి, కొంత పైకము చేతికిచ్చి, "ఇంటికి కావలసిన కూర ఒకటి నీవే ఏరి తెమ్ము" అనుడు. కాడ కోసిన చోటు తేమగా నున్నదా, ఎండి పగిలినదా చూచుట నేర్పుడు. తానెన్నిక చేసి తెచ్చిన కూరను బిడ్డ సులభముగా నిందింపడు.

"ఇది తినినచో మిఠాయి ఇచ్చెదను" అను బేరము మాత్రము మానుడు. అట్లనుట, ఈ కూర శిక్ష, మిఠాయి బహుమానము అని మనమే నేర్పుట యగును.

వంట

బ్రోకలీ చెడ్డపేరు తెచ్చుకొన్నది వంటలోనే. ఎక్కువసేపు ఉడికించిన కొలది దానినుండి గంధకపు వాసన వెలువడి, రంగు బూడిదవన్నె కెక్కి, చేదు తోచును. అయిదు నిమిషములకు మించి ఆవిరి చూపవలదు. ఇందుకు కొత్త పాత్ర లక్కరలేదు. మన ఇడ్లీపాత్ర చాలును. నీటిలో ఉడికించినచో విటమిన్ సి నీటిలోనికి దిగును. ఆ నీటిని పారబోయక చారులో పోయుడు.

ముందుగా పువ్వును చిన్న తునకలుగా విరిచి, ఉప్పునీటిలో పావుగంట ఉంచవలెను. పచ్చని పురుగు పచ్చని పువ్వులో కనబడదు, ఉప్పునీట తేలివచ్చును. ఈ విరుచుట, కడుగుట అయిదేండ్ల బిడ్డకు తగిన పని. పొయ్యి దగ్గరి పని పదేండ్లు దాటిన బిడ్డకు తల్లియో అవ్వయో ప్రక్కనుండగా నేర్పవలెను.

మన రుచికి తగిన వంటలు మూడు చెప్పెదను. నానబెట్టిన పెసరపప్పును సగముడికించి, తునకలు వేసి మూతపెట్టి నాలుగు నిమిషములుంచి, మినపపప్పు, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపు పెట్టినచో క్యాబేజి పెసరపప్పు కూర వలెనే యుండును. కొత్తదను జంకు బిడ్డకు తగ్గును. రెండవది ఆవ పెట్టిన కూర. ఆవిరి చూపిన తునకలకు పోపు వేసి దింపి, నూరిన ఆవముద్దను, కొంచెము చింతపండు పులుసును కలుపుట. ఇది పెద్దవారికి ప్రియము. పసివారికి ఆవ తగ్గింపవలెను. మూడవది కాడ పచ్చడి. కాడను పారవేయుట మన అజ్ఞానము. పైతొక్క చెక్కివేసినచో లోపలి గుజ్జు తియ్యగా నుండును. దానిని వేయించిన వేరుశనగపప్పు, పచ్చిమిరప, చింతపండుతో నూరిన మంచి పచ్చడి యగును. లేత ఆకులు పప్పులో వేయవచ్చును. తోటకూర పప్పుతోపాటు బ్రోకలీ వడ్డించినచో, తోటకూరలోని ఇనుము బాగుగా ఒంటబట్టును. నిమ్మరసము పిండినచో మరియు మేలు.

మొదటి దినమున బిడ్డ ఒక్క తునక కొరికి చాలునన్నచో చాలుననుడు. రెండు దినములకు మరల పెట్టుడు. అదే పళ్లెమునుండి తండ్రియు తినవలెను. తాను కూరను ప్రక్కకు నెట్టుచు కొడుకును తినుమను తండ్రి మాట చెల్లదు.

కొన్ని ఆక్షేపణలు

చదువు చెడునని కొందరు భయపడుదురు. దినమునకు పావుగంట చాలు పనివలన చదువు చెడదు. 1937లో వార్ధాలో గాంధీమహాత్ముడు దేశము ముందుంచిన విద్యావిధానమున చేతిపనియే చదువునకు మూలము. అమెరికాలోని బర్క్‌లీ నగరమున 1995లో ఆలిస్ వాటర్స్ అను భోజనశాల యజమానురాలు ఒక పాఠశాలలో తోటను, వంటగదిని నెలకొల్పగా, అది అనేక దేశములకు మాదిరి యయ్యెను. మన కేంద్ర ప్రభుత్వము సయితము బడులలో పోషకాహార తోటలు వేయింపవలెనని 2019లో సూచనలు పంపినది. బడిలో స్థలము లేని చోట్ల మన పెరడులున్నవి.

మగపిల్లలకు వంట ఏల యని మరికొందరందురు. పెండ్లిండ్లలో గాడిపొయ్యి దగ్గర నిలిచి వందలమందికి వండువారు మగవారే. కూలికి వండుట గౌరవమై, ఇంట వండుట చిన్నతనమగుట ఏ న్యాయము? రేపు చదువులకై పట్టణమున గది తీసుకొని ఉండవలసినవాడు వాడే. కూర వండ నేర్చినవాడు పొట్లముల పాలు గాడు.

ఇందు లాభమేమని అడుగువారికి రూపాయల లెక్క చూపను. ఇరువదినాలుగు మొక్కలవలన ధనము రాదు. కూర తిను అలవాటు, నేలయందు ప్రీతి, పండించినవాని కష్టమందు గౌరవము వచ్చును. వ్యవసాయము వలదని మన బిడ్డలు పారిపోవుచున్నారని విచారించుచున్నాము. మందువాసన, అప్పులు, పెద్దల నిట్టూర్పులు ఇవి తప్ప వ్యవసాయమునందు మనము వారికి చూపినదేమి?

సంఘము చేయదగినది

ఒక గ్రాము బ్రోకలీ విత్తనములో సుమారు మూడు వందల గింజలుండును. కొన్ని చెడినను పదిమంది బిడ్డలకు ఇరువదినాలుగేసి మొక్కలు వచ్చును. నూరుమంది బిడ్డలకు పది గ్రాములు చాలును. సంకర విత్తనము ఖరీదైనదే; కాని పది గ్రాముల ఖరీదు మోయలేని సంఘము లేదు. ఒక్కొక్క సభ్యుడు వేరుగా కొనవలసిన యెడల పెద్ద పొట్లము కొని మిగిలినది పాడుచేసికొనును. పదిమందికి చేరి చేసిన చవుకయగు పనికి ఇంతకంటె మంచి ఉదాహరణ మేమున్నది?

కనుక రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ క్రింది విషయములు ఆలోచింపవలెనని ప్రార్థించుచున్నాను. సభ్యుల క్షేమమునకై కేటాయించు నిధినుండి విత్తనము కొనవలెను. కూరనారు పెంచుటలో అనుభవముగల సభ్యునొకనికి నారు పెంచు భారము అప్పగించి, దీపావళి దాటిన వారమున బిడ్డల చేతికే నారు పంచవలెను. తండ్రుల చేతికి కాదు. సంక్రాంతి సెలవులలో ఒక దినము సంఘపు ఆవరణమున బిడ్డలు తమ పువ్వులు తెచ్చి, తామే విరిచి, పెద్దల సాయముతో వండి, అందరును ఒక్క పంక్తిని భుజింపవలెను. బహుమానము పెద్ద పువ్వు తెచ్చినవానికి గాక, పుస్తకమున లెక్క చక్కగా వ్రాసినవానికి ఈయవలెను. చలి చాలని పల్లపు గ్రామములవారు బ్రోకలీ సరిగా రానిచో క్యాబేజియో, నూల్‌కోలో, వట్టి ఆకుకూరలో పెట్టుకొనవచ్చును. పద్ధతి ముఖ్యము, మొక్క ఏదైనను తరువాతిది.

విత్తువాడు విత్తుటకు బయలుదేరిన కథ మనలో పలువురెరిగినదే. త్రోవ ప్రక్కను, రాతి నేలను, ముండ్ల తుప్పలలోను పడిన గింజలు చెడినవి. మంచి నేలను పడినవి ఫలించినవి. బిడ్డల మనస్సు మంచి నేల. దసరా దగ్గరపడుచున్నది. నారుమడికి ఎరువు సిద్ధపరచుకొనవలసిన దినములివి. సభ్యులు తమ బిడ్డల పేర్లను, వయస్సులను సంఘ కార్యదర్శికి ఈ నెలాఖరు లోపల వ్రాయించి, ఈ పనికి తోడ్పడుదురు గాక.